తొట్టిలో తాబేలు

వాన వెలిసింది. చెరువు కలుజు పారుతోంది. పిల్లకాయలు చేపల కోసం పోయారు. చేపలు దొరకలేదు, తాబేలు దొరికింది. బక్కెట్లో వేసుకుని ఇంటికి తెచ్చారు.

"అమ్మా, తొట్టిలో పెంచుకుందాం" అన్నాడు చిన్నోడు.

"తొట్టెందుకురా? బావిలో వేస్తే నీళ్లు శుభ్రంగా ఉంటాయి" అంది అవ్వ.

అవ్వ మాటలో కొంత నిజం ఉంది. తాబేలు నీళ్లలోని పురుగుల్ని తింటుంది. మరి దాని మలం ఎక్కడికి పోతుంది? ఆ బావిలోకే. ఆ నీళ్లే మనం తాగుతాం.

తాబేలు ఒంటి మీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి ఉండవచ్చు. తాబేలు బాగానే ఉంటుంది. దాన్ని ముట్టుకున్న పసిబిడ్డకు మాత్రం వాంతులు, విరేచనాలు, జ్వరం రావచ్చు. పిల్లలకు ఇలా జబ్బు చేస్తోందనే అమెరికాలో 1975లో 4 అంగుళాల కన్నా చిన్న తాబేళ్ల అమ్మకం ఆపించారు. తాబేలును పట్టుకుంటే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. అది ఉన్న నీళ్లు అంట్లు తోమే చోట పోయకూడదు.

పిల్లకాయలు తెచ్చింది మన చెరువుల్లో ఉండే తాబేలే. దాని డిప్ప మీద తోలు ఉంటుంది. ముక్కు సన్నగా ముందుకు పొడుచుకుని ఉంటుంది. వెనక కాళ్లు లోపలికి లాక్కుంటే, పొట్ట కింది రెండు మడతలు తలుపుల్లా మూసుకుంటాయి. నత్తలు, కప్పలు, చేపలు, నీటి మొక్కలు దాని తిండి. ఎండాకాలం చెరువు ఎండితే బురదలో దూరి వానల దాకా పడుకుంటుంది. సిమెంటు తొట్టిలో బురద ఏది? రోజూ అన్నం మెతుకులే వేస్తే దానికి బలం ఏది? కుక్కపిల్లకు ఆకలేస్తే అరుస్తుంది. తాబేలు అరవదు. నెలల తరబడి మెల్లగా చిక్కిపోతుంది. ఇంట్లోవాళ్లు బాగానే ఉందనుకుంటారు.

చట్టం కూడా ఒప్పుకోదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఈ తాబేలును కాపాడుతోంది. పట్టుకున్నా, అమ్మినా, ఇంట్లో పెంచినా నేరం. మూడేళ్లకు తక్కువ కాకుండా జైలు పడవచ్చు. దెబ్బ తగిలిన తాబేలు కనబడితే అటవీశాఖ వాళ్లకు చెప్పాలి.

పట్నం అంగళ్లలో అమ్మేది వేరే తాబేలు. చెవి దగ్గర ఎర్రచార ఉంటుంది. అది అమెరికాది. కొన్నప్పుడు అరచేతిలో ఇముడుతుంది. పెరిగితే పళ్లెమంత అవుతుంది. ముప్పై ఏళ్లు కూడా బతకగలదు. ఇప్పటికే ఎవరింట్లోనైనా ఉంటే, ఈదడానికి లోతైన నీళ్లు కావాలి. ఎక్కి ఆరడానికి ఒక రాయి ఉండాలి. ఎండ తగలాలి, పక్కనే నీడా ఉండాలి. నీళ్లు తరచుగా మార్చాలి. చేపముక్కలు, ఆకుకూర పెట్టాలి. విసుగు పుట్టిందని చెరువులో మాత్రం వదలకూడదు. మన తాబేళ్ల తిండి, చోటు అది లాక్కుంటుంది.

"అయితే దీన్ని సముద్రంలో వదిలేద్దామా?" అని అడిగింది పెద్దమ్మాయి.

వద్దు. నెల్లూరు తీరంలో ఇసుకలో గుడ్లు పెట్టే సముద్రపు తాబేలు వేరు. దాని కాళ్లు తెడ్లలా ఉంటాయి. చెరువు తాబేలు కాళ్లకు గోళ్లు ఉంటాయి. సముద్రపు నీళ్లు దానికి పడవు. చచ్చిపోతుంది. రొయ్యల గుంటలోనూ వేయకూడదు. ఎక్కడ దొరికిందో అక్కడే వదలాలి.

పొద్దు గూకకముందే అమ్మ, పిల్లకాయలు చెరువుకు పోయారు. తాబేలును గట్టు కింద, నీళ్ల పక్కన పెట్టారు. చాలాసేపు అది కదలలేదు. తర్వాత ముక్కు బయటపెట్టింది. నాలుగు అడుగులు వేసి నీళ్లలోకి జారిపోయింది.

"మళ్లీ కనబడుతుందా అమ్మా?" అన్నాడు చిన్నోడు.

"కనబడితే గట్టు మీద నుంచే చూడు" అంది అమ్మ. ఇంటికి రాగానే అందరి చేతుల్లో సబ్బు పెట్టింది.