గోడకు గొడుగు, మిద్దెకు గవాచి

కంభం: ఎండ ఎక్కితే గోడే గొడుగు విప్పుతుంది. ఎండ జరిగిపోతే తానే ముడుస్తుంది. యిది కట్టుకథ కాదు. 2012లో అబుదాబిలో పూర్తయిన అల్ బహర్ జంట భవనాల సంగతి. ఒక్కొక్కటి సుమారు 145 మీటర్ల ఎత్తు. ఒక్కో దానికి వెయ్యికి పైగా తెరలు. సూర్యుని గమనాన్ని బట్టి కంప్యూటరు వాటిని విప్పి, ముడుస్తుంది. అరబ్బుల పాత యిళ్ల కిటికీలకుండే చెక్క జాలీలే దీనికి మూలం. అవి ఆఫీసులే గాని, నీటి ఒడ్డున అపార్టుమెంట్లు కట్టేవారి చూపూ యిప్పుడు అటే వుంది.

మన పెద్దలు యిది వింటే నవ్వుకుంటారు. పడమటి పల్లెల మట్టి మిద్దెకు గవాచి వుండేది. వెలుతురూ గాలీ కావాలంటే తెరవడం, వాన మబ్బు పడితే మిద్దె ఎక్కి మూయడం. కంప్యూటరు పని యింటి పిల్లలు చేసేవారు! పైన మందంగా పరచిన చవుడు మట్టి వల్ల పగటి వేడి లోపలికి త్వరగా దిగేది కాదు. అయితే ఏటా వానలకు ముందు చవుడు వేయాలి; ఆ చాకిరీకి విసిగే జనం స్లాబుకు మళ్లారు. తప్పు పట్టలేం. కాని పలుచని స్లాబు పగలంతా కాగి, రాత్రి ఆ సెగను మంచం మీదికి దింపుతోంది.

వట్టివేళ్ల తడికె కూడా అలాంటిదే. పొడిగాలి తడిని పీల్చుకునేటప్పుడు చల్లబడుతుంది. అందుకే కంభంలో పనిచేసినంతగా విశాఖ సముద్రపు ఒడ్డున పనిచేయదు. అక్కడి గాలిలో ముందే తడి వుంది. పైగా ఉప్పుగాలికి కదిలే యినుప భాగాలు తుప్పు పడతాయి. అక్కడ నీడ, ఎదురెదురు కిటికీలే మేలు.

యిక నీటి ఒడ్డు మాట. గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి, రెండు కొండల నడుమ నిలిపిన 16వ శతాబ్దపు కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు పొందింది. చల్లగాలి కోసం నీటి దగ్గరికి జరగాలనిపించడం సహజమే. కాని చెరువు నిండినప్పుడు నీరు ఎంతవరకు వస్తుందో అంతవరకూ నేల చెరువుదే. హైదరాబాదులో ఆ గీత దాటి కట్టిన వాటిని 2024లో హైడ్రా కూల్చింది.

స్లాబు మీద తెల్లసున్నం పూత, పడమటి గోడకు చిక్కుడు పందిరి: యివి ఖర్చు తక్కువ ఉపాయాలు. తడికెకు మాత్రం రోజూ కడవలకొద్దీ నీరు కావాలి. చెరువు అడుగంటిన ఏడు, ట్యాంకరు కోసం బిందె పట్టుకు నిలబడ్డ యిల్లాలు ఆ నీటిని తడికెకు పోస్తుందా?