మాస్ లాండింగులో మన వాల్తేరు అమ్మాయి

మన శాంటా క్లారా ఇళ్ళల్లో ఏ కుర్రవాణ్ణయినా "ఏం చదువుతున్నావోయ్?" అని అడిగితే వచ్చే జవాబు మనకు ముందే తెలుసు. "సముద్ర జీవావరణ శాస్త్రం" అని ఒక అమ్మాయి చెప్పేసరికి మేమందరం కాఫీ కప్పులు కింద పెట్టాం. ఆ తరువాతి ప్రశ్న మామూలే: "ఉద్యోగం మాటేమిటమ్మా?"

ఈ అమ్మాయి వాల్తేరులో ఎమ్మెస్సీ ముగించి, మనకు కారులో గంట పైచిలుకు దూరంలో ఉన్న మాస్ లాండింగ్ సముద్ర ప్రయోగశాలలో చేరింది. 1966లో వెలసిన ఈ సంస్థను శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయం నిర్వహిస్తోంది. తిమింగలాల వెంట పడవల్లో తిరగడమే చదువనుకుని వచ్చిందట. తీరా చూస్తే, ఆటు వేళ ఎల్క్‌హార్న్ స్లూ బురదలో మోకాటి లోతున దిగి, చదరపు చట్రం పరిచి, అందులో ఎన్ని పీత బొరియలున్నాయో లెక్కపెట్టడం!

పీతల లెక్క ఎందుకంటారా? అవి గట్లు తొలుస్తాయి, గట్టును పట్టి ఉంచే మొక్కల వేళ్ళు తింటాయి. గట్టు కూలుతుంది. ఆ పీతలను తినేవి సముద్రపు నీటికుక్కలు. బొచ్చు కోసం వేటాడి వీటిని ఒకప్పుడు దాదాపు తుడిచిపెట్టేశారు. అవి స్లూలోకి తిరిగి వచ్చాక గట్లు కోసుకుపోవడం నెమ్మదించిందని 2024లో అచ్చయిన పరిశోధన తేల్చింది. మన కోరంగి మడ అడవుల్లోనూ నీటికుక్కలున్నాయి, పీతలున్నాయి. అక్కడ ఈ లెక్క ఎవరు కట్టాలి? ఈ అమ్మాయి పట్టుదలంతా దానిమీదే.

మాకు ముచ్చట గొలిపిన సంగతి మరొకటి. 1952లో ఇదే కాలిఫోర్నియా నుంచి యూజీన్ లఫాండ్ అనే సముద్ర శాస్త్రజ్ఞుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్ళి, మనవారితో కలిసి బంగాళాఖాతాన్ని పరిశోధించారు. తీరం వెంట గాలి వీస్తే పైనీరు తొలగి, అడుగునున్న చల్లని నీరు ఉబికి రావడం ఇక్కడ మాంటరేలోనూ ఉంది, మార్చి, ఏప్రిల్ నెలల్లో విశాఖలోనూ ఉంది. మాస్ లాండింగ్ రేవు ముందే సముద్రగర్భంలో పెద్ద లోయ మొదలవుతుంది. విశాఖ దగ్గరి సముద్రంలోనూ లోయలున్నాయి. ఒకదాని పేరు ఆంధ్ర, మరొకదానికి వాల్తేరులో భూగర్భశాస్త్రం బోధించిన మహదేవన్ గారి పేరు.

ఇక ఉద్యోగం. కంప్యూటరు జీతాలు ఇందులో రావు, ఆ మాట దాచనక్కరలేదు. కాని మన పక్కనున్న ఆల్విసో ఉప్పు మడులు చూడండి. దక్షిణ అఖాతంలో 2003లో ప్రభుత్వం చేతికి వచ్చిన 15,100 ఎకరాల్లో అవీ భాగమే. వాటిని మళ్ళీ చిత్తడి నేలలుగా మార్చడానికి బురద తెలిసినవాళ్ళే కావాలి.

విశాఖలోని అమ్మకు ఫోనులో ప్రయోగశాల గురించి చెబుతుంది గాని, పడవ ఊసెత్తదట.