గడువు దాటిన పనులు

పెద్ద పనులు గడువు దాటుట వింత కాదు. గోదావరివంటి నదికి కట్ట వేయబూనినవారు వరదను, నేల లోపలి స్థితిని, ధనము చేతికందు కాలమును ముందుగా సంపూర్ణముగా గణింపజాలరు. గడువు తప్పినదని తెలిసిన పిమ్మట నిర్వాహకులేమి చేయుచున్నారనునదియే ప్రజలడుగవలసిన ప్రశ్న.

పోలవరము చరిత్ర ఇందుకు నిదర్శనము. 1981లో శంకుస్థాపన జరిగినది. పనులు సాగుటకు 2004వ సంవత్సరము వరకు వేచియుండవలసి వచ్చినది. 2014నాటి రాష్ట్ర విభజన చట్టము దానిని జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించినది. ఆ తరువాత ప్రకటించిన గడువులును ఒకదాని వెనుక నొకటి దాటిపోయినవి.

ఇందు మిక్కిలి బోధకరమైనది డయాఫ్రం వాల్ వృత్తాంతము. ప్రధానమైన కట్ట అడుగున, నదీగర్భపు ఇసుకలో నీరు ఊరిపోకుండ ఆపుటకై కట్టిన కాంక్రీటు గోడ అది. 2018లో ఆ గోడ ముగిసినది. కాని వరదనుండి దానిని కాపాడవలసిన కాఫర్ డ్యాములు పూర్తికాలేదు. 2019, 2020 సంవత్సరముల వరదనీరు సందులగుండ ఉరవడించి, ఇసుకను కోసివేసి, గోడను దెబ్బతీసినది. తప్పెవరిదని రాజకీయపక్షములు వాదులాడినవి. ఆ వాదమున మేము ప్రవేశింపము. 2025 జనవరిలో క్రొత్త గోడను మొదలిడవలసి వచ్చినదనుట మాత్రము నిర్వివాదము.

దీనివలన తెలియు మొదటి నీతి యిది: ఆలస్యమైన పనిని తొందరపెట్టునపుడు, ఏది ముందు ఏది వెనుక అను క్రమమును విడువరాదు. వరదలోపల రక్షణ ముగియదని తోచినచో, దానిపై ఆధారపడిన పనిని ఆ యేటికి నిలుపుటయే లాభము. నాట్ల అదను తప్పిన రైతు వెనుకటి లెక్కలు పట్టుకొని కూర్చుండడు. ఉన్న నీటికిని మిగిలిన దినములకును తగిన పైరు నెంచుకొనును. నిర్వాహకులకును ఆ వివేకము వలయును.

రెండవది, ఆలస్యము కనబడిన నెలలోనే దానిని వెల్లడింపవలెను. క్రొత్త గడువును ఉత్సవముల సౌకర్యమునుబట్టి గాక, మిగిలిన పని పరిమాణము, వరద లేని దినములు, చెల్లింపుల రాక, వీనినిబట్టి నిర్ణయింపవలెను. ఎంత పని జరిగినదో నెలనెలా ప్రకటింపవలెను. అట్టి లెక్క లేని తేదీ ఆశయే గాని గడువు కాజాలదు.

మూడవది, కాంక్రీటు లెక్కయే పని లెక్క యని భ్రమింపరాదు. ముంపు గ్రామములనుండి లేచిపోవలసిన కుటుంబములు వేలకొలదిగా నున్నవి. ఊరు విడువవలసినవాడు ఇల్లు బాగుచేసికొనుటకును వెనుదీయును. క్రొత్త యిల్లు కట్టుకొనుటకును సాహసింపడు. గడువు జరిగిన ప్రతి సంవత్సరమును వాని బ్రతుకునుండి పోవునదియే. కాలువనీటికై ఎదురుచూచు రైతు గతియు నట్టిదే.

గడువు ప్రజలకిచ్చిన మాట. మాట తప్పవలసివచ్చినపుడు కారణము చెప్పి, నిలుపుకొనదగిన మాటనే మరల ఇచ్చుట నిర్వాహకుల ధర్మము. లెక్క చూపుమని అడుగుట ప్రజల హక్కు. ఆ హక్కును మనము వినియోగించుకొనని పక్షమున, మరియొక తేదీని విని మరల ఎదురుచూచుటయే మన వంతగును.