నిన్నటి సంగతి ఇంగ్లీషులో చెప్పాలంటే

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు చాలా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో పొద్దున పూట ఓ పావుగంట మీటింగ్ ఉంటుంది. స్టాండప్ అంటారు. టీమ్‌లో ప్రతి ఒక్కరూ మూడు సంగతులు చెప్పాలి. నిన్న ఏం చేశారు, ఇవాళ ఏం చేయబోతున్నారు, పనికి ఎక్కడైనా అడ్డం పడిందా? ప్రోగ్రాం రాయడంలో చెయ్యి తిరిగినవాళ్ళు కూడా మొదటి ప్రశ్న దగ్గరే తడబడతారు. 'ఎస్టర్‌డే ఐ యామ్ కంప్లీటెడ్ ద లాగిన్ పేజ్' అంటారొకరు. 'ఐ వజ్ వర్క్‌డ్ ఆన్ దట్ బగ్' అంటారు పక్కనున్నవాళ్ళు. ఇంకొకరు మరి కాస్త జాగ్రత్తపడి 'ఐ హ్యావ్ ఫినిష్డ్ ఇట్ ఎస్టర్‌డే' అంటారు. ముగ్గురూ పని చేశారు, ముగ్గురూ బడిలో ఏళ్ళ తరబడి టెన్సులు చదివారు. అక్కడ రావాల్సింది మాత్రం అన్నిటికన్నా చిన్న వాక్యం. ఐ కంప్లీటెడ్ ఇట్. ఐ వర్క్‌డ్ ఆన్ ఇట్. ఐ ఫినిష్డ్ ఇట్.

ఆ చిన్న వాక్యం మీద నమ్మకం లేకపోవడమే మన అసలు ఇబ్బంది. బడిలో మనకు పన్నెండు గళ్ళ పట్టిక ఇచ్చారు. గో-వెంట్-గాన్, ఈట్-ఏట్-ఈటెన్ అని వల్లె వేయించారు. పరీక్షలో ఖాళీలు పూరించడానికి అది పనికొచ్చింది. దాంతోపాటు వాక్యంలో యామ్, వజ్, హ్యావ్, హ్యాడ్ లాంటి సహాయక క్రియ ఏదో ఒకటి ఉంటేనే వ్యాకరణం కుదిరినట్టన్న భయమూ మనసులో నాటుకుపోయింది. రోజువారీ మాటల్లో గతాన్ని చాలామటుకు మోసేది సింపుల్ పాస్ట్ ఒక్కటే. బస్సు లేటయింది, ఫోన్ చేశాను, డబ్బులు కట్టాను, ఆయన రాలేదు. వీటిలో దేనికీ పట్టికలోని మిగతా గళ్ళతో పని లేదు.

మనకు ముందే తెలిసిన సూత్రం

'ఐ డిడ్ నాట్ వెంట్' అన్న తప్పు తెలుగువాళ్ళ నోట తరచూ వినిపిస్తుంది. డిడ్ వచ్చాక క్రియ మళ్ళీ మామూలు రూపానికి ఎందుకు వెళ్ళాలో మనకు ఎవరూ విడమరచి చెప్పలేదు. చెప్పడానికి తెలుగు కన్నా మంచి సాయం ఇంకేది కావాలి? నేను తిన్నాను, నువ్వు తిన్నావు, వాళ్ళు తిన్నారు. కాదని చెప్పాల్సి వచ్చేసరికి నేను తినలేదు, నువ్వు తినలేదు, వాళ్ళు తినలేదు. 'తిన్నాను'లో ఉన్న గతం గుర్తు, ఎవరు చేశారన్న గుర్తు రెండూ పోయి 'తిన' అన్న ముక్క మిగిలింది. బరువంతా 'లేదు' మీద పడింది. 'తిన్నలేదు' అని మనలో ఎవరూ అనరు. ఇంగ్లీషువాళ్ళూ అదే చేస్తున్నారు. ఏట్ అన్న రూపం డిడ్ నాట్ పక్కకు రాగానే ఈట్ అయిపోతుంది.

ఇంకా దగ్గరి పోలిక కావాలంటే 'వచ్చాను' చూడండి. దానికి వ్యతిరేకం 'వచ్చలేదు' కాదు, 'రాలేదు'. పైకి చూస్తే వచ్చాను, రాలేదు అన్న రెండిటికీ చుట్టరికమే కనబడదు. వెంట్, డిడ్ నాట్ గో కూడా ఇలాంటి జంటే. వెంట్ ఒకప్పుడు వెండ్ అనే వేరే క్రియకు భూతకాలం. గో క్రియకు పాత ఇంగ్లీషులో ఉన్న సొంత భూతకాల రూపం వాడుకలోంచి పోయి, దాని చోట్లోకి వెంట్ వచ్చి కూర్చుంది. ఇన్నేళ్ళలో ఒక్క మాస్టారైనా తరగతిలో 'రాలేదు'ను బోర్డు మీద రాసి డిడ్ నాట్ సంగతి చెప్పి ఉంటే ఎంతమంది పిల్లలకు ఆ జంకు తప్పేదో!

ప్రశ్న దగ్గర మాత్రం తెలుగు మనకు సాయపడదు. 'తిన్నావా?' అన్నప్పుడు మన క్రియ గతం గుర్తును అలాగే ఉంచుకుంటుంది. 'డిడ్ యు ఏట్?' అని నోరు జారడానికి కారణం అదే. డిడ్ అన్నది నోట్లోంచి వచ్చేసిందంటే గతం చెప్పడం అయిపోయింది, దాన్ని రెండోసారి చెప్పనక్కర్లేదని చెవికి అలవాటు చేయాలి.

తిన్నారా అని అడిగితే

మధ్యాహ్నం ఎవరు ఎదురుపడినా 'భోంచేశారా?' అని పలకరిస్తాం. అందులో ఇందాక, ఇప్పటిదాకా, నిన్న అన్న తేడాలేం లేవు. పని పూర్తయిందా లేదా అన్నదే మన క్రియ చూసుకుంటుంది. పూర్తయినట్టేనని అనిపించినా చాలు, ఇంకా దారిలో ఉండగానే ఫోనులో 'వచ్చేశా అక్కా, రెండే నిమిషాలు' అనగలుగుతున్నాం. ఇంగ్లీషు భూతకాలానికి ఆ వెసులుబాటు లేదు. ఫలానా సమయంలో జరిగింది, అక్కడితో ముగిసింది అని అది గిరి గీస్తుంది. నిన్న, మొన్న, పొద్దున ఎనిమిదింటికి, 2019లో అంటూ కాలం పేరు పెట్టి చెబితే హ్యావ్‌కు చోటు లేదు. 'వెన్ హ్యావ్ యు కమ్?' అన్నది కుదరనిది కూడా అందుకే. ఎప్పుడు అని అడిగామంటే ఆ సమయాన్ని వేలు పెట్టి చూపించమంటున్నాం. 'వెన్ డిడ్ యు కమ్?' అనాలి.

బ్రిటన్‌లో భోజనం సంగతి అడిగేటప్పుడు 'హ్యావ్ యు ఈటెన్?' అనడం మామూలు. అమెరికాలో 'డిడ్ యు ఈట్?' అన్నది అంతే మామూలు. ఆల్రెడీ, జస్ట్, యెట్ ఉన్న వాక్యాల్లో కూడా అమెరికన్లు సింపుల్ పాస్ట్‌తోనే సరిపెడతారు. డాలస్‌లో ఉన్న కోడలు 'ఐ జస్ట్ ఏట్' అంటే, ఇక్కడ పాత వ్యాకరణ పుస్తకం చదువుకున్న మామగారు దాన్ని దిద్దనక్కర్లేదు.

ఇక హ్యాడ్. 'ఐ హ్యాడ్ గాన్ టు విజయవాడ లాస్ట్ వీక్' అని మనం ముగించేస్తాం. బయటి దేశాలవాళ్ళు ఆ తర్వాత ఇంకేదో వస్తుందని ఎదురుచూస్తూ ఉండిపోతారు. రెండు సంఘటనలు ఉండి, వాటిలో ముందు జరిగింది ఏదో చెప్పడానికే హ్యాడ్. హిందీ 'గయా థా' చెవిన పడీ పడీ కొందరికి ఈ అలవాటు అబ్బింది. రాయలసీమ మాటలో 'పోయింటి', 'చెప్పింటి' అన్న రూపాలున్నాయి కనుక అక్కడివాళ్ళకు హ్యాడ్ సొంత చుట్టంలా అనిపించినా తప్పు పట్టలేం. 'నేను సికింద్రాబాద్ చేరేసరికి రైలు వెళ్ళిపోయింది' అన్న చోట హ్యాడ్ నిజంగా కావాలి. ద ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్. తెలుగులో 'చేరేసరికి' చేసిపెట్టే పనిని అక్కడ హ్యాడ్ చేస్తోంది. విజయవాడ వెళ్ళొచ్చిన ముచ్చటకు 'ఐ వెంట్' చాలు.

ఒక్క అక్షరం తేడాతో

ఈ తేడాలన్నీ పండితులకే అనుకునేవాళ్ళు ఆసుపత్రి సంగతి ఆలోచించాలి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్ళిన ఓ పెద్దాయనకు పొద్దుటి నుంచి గుండెల్లో నొప్పి అనుకుందాం. ఎమర్జెన్సీలో 'ఐ హ్యాడ్ చెస్ట్ పెయిన్' అంటే, నొప్పి వచ్చి తగ్గిపోయిందని డాక్టరు అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఆయన చెప్పాలనుకున్నది 'ఐ హ్యావ్ చెస్ట్ పెయిన్' అని. పొద్దుటి నుంచి అన్నది కూడా కలపాలంటే 'ఐ హ్యావ్ హ్యాడ్ చెస్ట్ పెయిన్ సిన్స్ దిస్ మార్నింగ్'. అంత పొడుగు వాక్యం ఆ గాభరాలో రాకపోతే 'ఐ హ్యావ్ పెయిన్ నౌ. ఇట్ స్టార్టెడ్ ఇన్ ద మార్నింగ్' అని రెండు ముక్కలుగా చెప్పినా సరిపోతుంది. విమానం ఎక్కబోయే అమ్మానాన్నలకు పిల్లలు ఇది నేర్పి పంపాలి. ఎయిర్‌పోర్టులో ఏ గేటుకు ఎలా వెళ్ళాలో కాగితం మీద రాసిస్తున్నారు కదా, దాని కిందే ఈ రెండు వాక్యాలూ రాసివ్వండి.

తండ్రి గురించి అడిగినప్పుడూ అంతే. వీసా ఇంటర్వ్యూలో 'మై ఫాదర్ వజ్ ఎ ఫార్మర్' అంటే ఆయన లేరనో, సేద్యం మానేశారనో వింటారు. ఉండి, సేద్యం చేస్తున్న తండ్రికి 'ఈజ్' అనాలి. 'మా నాన్న రైతు' అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు, కాలం ఏదో మనం తేల్చుకోనక్కర్లేదు. ఇంగ్లీషు ఆ మినహాయింపు ఇవ్వదు. ఉద్యోగం సంగతిలోనూ 'ఐ వర్క్‌డ్ దేర్ ఫర్ ఫైవ్ ఇయర్స్' అంటే అక్కడ మానేసినట్టే. ఇంకా చేస్తుంటే 'ఐ హ్యావ్ వర్క్‌డ్' అనో, 'హ్యావ్ బీన్ వర్కింగ్' అనో చెప్పాలి.

క్రియ చివర ఈడీ పలకడం కూడా చిన్న విషయమేం కాదు. తెలుగు అజంత భాష, మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. క్రియ చివర రెండు మూడు హల్లులు గుంపుగా వచ్చేసరికి ఒకటి మింగేస్తాం, లేదా మధ్యలో అచ్చు చేర్చి 'వాకెడ్', 'హెల్పెడ్' అంటాం. వాక్, హెల్ప్, వాచ్, లాఫ్ లాంటి వాటి తర్వాత రాతలో డీ ఉన్నా నోటికి వచ్చేది ట. వాక్ట్, హెల్ప్ట్, వాచ్ట్, లాఫ్ట్. ప్లే, కాల్, క్లీన్ తర్వాత డ. వాంట్, నీడ్ లాగా చివర ట, డ ఉన్న క్రియలకే వాంటిడ్, నీడిడ్ అని విడి అక్షరం పలుకుతుంది. ఇంగ్లీషు ఇంటిభాష అయినవాళ్ళు కూడా 'వాక్ట్ టు'లో రెండు టలను ఒకటిగా కలిపేస్తారు, ఆస్క్‌డ్‌ను 'ఆస్ట్' అనేస్తారు. కాబట్టి అది అస్పష్టంగా వినబడినా కంగారు పడకుండా ఎస్టర్‌డే, లాస్ట్ వీక్ లాంటి కాలం మాటను ముందే చెప్పేస్తే వినేవాళ్ళకు దారి దొరుకుతుంది.

వల్లె వేయాల్సినవి కొన్నే

ఈడీ చేర్చితే సరిపోని క్రియలు ఇంగ్లీషులో రెండు వందల దాకా ఉన్నాయంటే పిల్లలు బెంబేలెత్తుతారు. 2007లో హార్వర్డ్ పరిశోధకులు నేచర్ పత్రికలో వాటి లెక్క తీశారు. పాత ఇంగ్లీషులో అలాంటివి 177 తీసుకుంటే, మధ్యయుగపు ఇంగ్లీషుకు వచ్చేసరికి 145 మిగిలాయి. ఆ 177లో ఇప్పటికీ ఈడీకి లొంగనివి 98. హెల్ప్‌కు ఒకప్పుడు హోల్ప్ అనే భూతకాలం ఉండేది, ఇప్పుడది హెల్ప్‌డ్ అయింది. తక్కువగా వాడే క్రియలు త్వరగా దారికొచ్చాయి, జనం నోట రోజూ నలిగేవి మొండిగా నిలిచాయి. బి, హ్యావ్, డు, గో, సే, గెట్, మేక్, నో, థింక్, టేక్, సీ, కమ్ అన్నవి ఇంగ్లీషులో అతి ఎక్కువగా వాడే క్రియల్లోవి, వీటిలో ఒక్కటీ ఈడీకి లొంగదు. అక్షర క్రమంలో అరైజ్, అవేక్‌తో మొదలయ్యే జాబితాను కంఠతా పట్టించడం నాకు నచ్చకపోవడానికి ఇదే కారణం. ముందు ఆ పన్నెండూ నోటికి రావాలి. మిగతావి అవసరం వచ్చినప్పుడు వస్తాయి.

న్యూజెర్సీలోనో మెల్‌బోర్న్‌లోనో పుట్టిన మన పిల్లలు నాలుగేళ్ళ వయసులో 'ఐ గోడ్' అంటే కూడా దిగులు పడకండి. జీన్ బెర్కో అనే పరిశోధకురాలు 1958లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లలకు భాషలోనే లేని రిక్ అనే క్రియ ఇచ్చి నిన్నటి రూపం అడిగారు. ఎన్నడూ వినని మాటలకు కూడా పిల్లలు ఈడీ చేర్చి చెప్పగలరని ఆ అధ్యయనం చూపించింది. సూత్రం ఒంటబట్టిందనడానికి గోడ్ గుర్తు. అంతకుముందు వెంట్ అన్న పిల్లలే మధ్యలో గోడ్ అని, తర్వాత మళ్ళీ వెంట్‌కు వస్తారు.

గతానికి ఇంకో వాడుక ఉంది, అది మనకు సులువుగా పడుతుంది. మేనేజరుకు ఫోన్ చేసి 'ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సమ్‌థింగ్' అంటే అడగాలనుకున్నది ఇప్పుడే, గతం వాడింది మర్యాద కోసం. 'మిమ్మల్ని ఒకటి అడుగుదామనుకున్నానండి' అని మనం అనడం లేదూ? అలాగే చిన్నప్పటి ముచ్చట్లలో 'సెలవులకు అమ్మమ్మగారి ఊరు వెళ్ళేవాళ్ళం' అనే మాటకు 'వీ యూజ్డ్ టు గో' సరిగ్గా అతుకుతుంది. దాన్ని 'వీ ఆర్ గోయింగ్ ఇన్ చైల్డ్‌హుడ్' అనేవాళ్ళు ఇంకా చాలామంది.

ఇవన్నీ నోటికి రావాలంటే జరిగిన సంగతి ఎవరికైనా చెప్పాలి. సోమవారం మొదటి పీరియడ్‌లో టీచరు పట్టిక పక్కన పెట్టి, ఆదివారం ఏం జరిగిందో ఒక్కో పిల్లను, పిల్లాణ్ణి చెప్పమనాలి. క్రికెట్ ఆడాం, బంతి పక్కింటి కిటికీకి తగిలింది, వాళ్ళు అరిచారు. తప్పు వచ్చినప్పుడల్లా ఆపకుండా, 'దెన్ వాట్ హ్యాపెన్డ్? వాట్ డిడ్ దే సే?' అని అడుగుతూ పోవాలి. అడిగే ప్రశ్నలోనే డిడ్ ఉంది, జవాబులో సెడ్ రావాలి. పది నిమిషాల్లో తరగతి మొత్తం అరడజను క్రియలు వాడేస్తుంది. అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్‌లో ఫీజు కట్టిన పెద్దవాళ్ళకైనా, వంటింట్లో కూతురితో ఇంగ్లీషు సాధన చేసే తల్లికైనా ఇదే పద్ధతి పనికొస్తుంది.