జరమొస్తె సంకల గూడ సూడుండ్రి

గడ్డి కోశొచ్చిన మా చిన్నమ్మకు తొమ్మిది దినాలు జరం. మలేరియా లేదన్నరు, డెంగ్యూ లేదన్నరు. సూదుల మీద సూదులు ఇచ్చిండ్రు. ఆఖరుకు పెద్దదవఖాన్ల నర్సమ్మ సంక లేపి సూస్తె, సిగరెట్‌తోని కాల్చినట్టు నల్లటి పక్కు. నొప్పి లేదు, గందుకే నేను సుత సూడలే.

అది స్క్రబ్ టైఫస్. కుట్టింది గోమారి కాదు, దాని సుట్టమే: పొదలల్ల, గడ్డిల ఉండే నల్లి జాతి పిల్లపురుగు, కంటికి ఆనది. ఎలైసా రక్తపరీక్షల తెలుస్తది గని మొదటి వారం తేలకపోవచ్చు. పక్కు గూడ అందరికీ కనవడది. అందుకే అనుమానముంటె డాక్టర్లు రిపోర్టు కోసం ఆగకుంట డాక్సీసైక్లిన్ మొదలువెడతరు. అగ్గువ గోలీ. గర్భిణులకైతె అజిత్రోమైసిన్. పెన్సిలిన్ జాతి సూదులు దీని మీద పనిచెయ్యయి. ఆలస్యమైతె ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటయి.

చిన్నమ్మకు రెండు దినాలల్ల జరం దిగింది. తమ్మీ, మీ ఇంట్ల జరం తగ్గకుంటె సంకలు, గజ్జలు, నడుము సూడుండ్రి, "స్క్రబ్ టైఫస్ ఏమన్ననా సారూ?" అని మీరే అడుగుండ్రి.