నల్లరేగడిపై తారుబాట



నంద్యాలనుండి ఆళ్లగడ్డమీదుగా కడపవైపు పోవు పెద్దబాటను ఎరుగనివారు మీలో లేరు. నేడది 40వ సంఖ్యగల జాతీయ రహదారి. దానిని కాపాడుటకు వేరుగా ప్రభుత్వ యంత్రాంగము కలదు. దానినుండి చీలి మన పల్లెలకు పోవు చిన్న తారుబాటలను గూర్చియే నేడు కొంత ముచ్చటింప దలచితిని.

క్రొత్తగా వేసిననాడు నున్నగా మెరసిన బాట కొన్ని వానకాలములు గడచునప్పటికి గుంటలపాలగుట మీరు చూచియే యున్నారు. బరువుబండ్లు త్రొక్కుటచే చెడినదని మనమందుము. అది కొంతవరకు నిజమే. కాని తారుబాటకు మొదటి శత్రువు నీరు. మన సీమలో ఆ శత్రువునకు తోడుపడునది నేల.

కుందూనది కిరువైపుల మనది నల్లరేగడి. వాన పడినపుడు ఈ మన్ను నీరు త్రాగి ఉబ్బును. వేసవిలో ఎండి, చేయి దూరునంతటి నెఱ్ఱెలు విచ్చును. తేమను చిరకాలము నిలుపుకొను గుణముచేత అది శనగకును జొన్నకును మేలు చేయుచున్నది. బాటకు మాత్రము కీడు చేయుచున్నది. తారు కప్పిన నడిమి భాగము క్రింద తడి నిలిచియుండగా, అంచుల మన్ను ముందుగా ఎండి కుంచించుకొనును. అందుచేతనే అంచు వెంబడి పొడుగాటి బీటలు పుట్టును. తొలకరి నీరు ఆ బీటలలో దిగి, కంకరక్రింది మన్నును మెత్తబరచును. పైని చక్రము నడచినపుడెల్ల ఆ నీరు ఒత్తిడికి లోనై తారును రాతినుండి ఊడదీయును. ఒక రాయి లేచిపోయిన ప్రక్కరాతికి పట్టు తప్పును. గుంట పుట్టు విధమిదియే.

కావున బాటను కాపాడుట యనగా నీటిని తొలగించుట. పల్లెబాట వెడల్పు సాధారణముగా 3.75 మీటర్లు. దాని నడుమ అంచులకంటె సుమారు 5 సెంటీమీటర్లు ఎత్తుగా నుండవలయును. అప్పుడే వాననీరు నిలువక ఇరుప్రక్కలకు జారును. జారిన నీరు పోవుటకు ప్రక్కకాలువ తెరచియుండవలయును. చేనిలోనికి బండి దింపుటకై కొందరు ఆ కాలువలో మన్నుపోసి పూడ్చుచున్నారు. అట్లు చేయక, అడుగున తూము వేసి పైని దారి చేసికొనవలయును. కర్నూలు–కడప కాలువ క్రింది వరిమడుల నీరు బాట అంచును తగిలి నిలువకుండ గట్టు వేయవలయును. తారు అంచుల ప్రక్కన రేగడికి బదులు గరుసు పరచి గట్టిగా అణచినచో అంచు విరుగదు.

ఇక మరమ్మతు. సన్నని బీటలను వానలకు ముందే శుభ్రపరచి, తారు పోసి, పైని రాతిపొడి చల్లవలయును. గుంట పడినచో దానిలో రేగడిమన్ను నింపరాదు. అది నీటిని పట్టి గుంటను మరింత పెంచును. ముందుగా నీరు తోడి ఆరనిచ్చి, గట్టి భాగము తగులువరకు అంచులను నిట్టనిలువుగా చదరముగా కోసి, దుమ్ము ఊడ్చి, అడుగునకును ప్రక్కలకును పలుచగా తారు పూయవలయును. పిదప తారు కలిపిన కంకరను నింపి దిమ్మిసతో అణచవలయును. గుంట లోతైనచో పొరలు పొరలుగా నింపవలయును. చుట్టుప్రక్కలకంటె రవంత ఎత్తుగా విడిచినచో బండ్లు నడచి సమమగును. బీటలు మొసలివీపువలె అల్లుకొన్నచోట మాత్రము పైపూత వలన ప్రయోజనము లేదు. అచ్చట అడుగే చెడినది. త్రవ్వి, గరుసుతోను కంకరతోను మరల కట్టవలసినదే.

మనము మానవలసిన పనులును కలవు. దమ్ముచేయు ట్రాక్టరును ఇనుప చక్రములతోనే తారుపై నడపుట ఉలితో బాటను చెక్కుటయే. నీటిగొట్టమునకై అనుమతి లేక బాటను అడ్డముగా కోసి మన్నుతో కప్పి విడుచుట మరియొక కీడు.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 సంవత్సరమున ఆరంభమైనది. ఆ పథకము క్రింద వేసిన బాటను, పని ముగిసిన పిదప ఐదేండ్లవరకు, కట్టిన కంట్రాక్టరే బాగుచేయుచుండవలయునని ఒప్పందములోనే నియమము కలదు. మీ బాట ఏ పథకముది, ఏ యేట ముగిసినదో తెలిసికొని, గుంట చిన్నదిగా నున్నపుడే ఇంజనీరు కచేరికి వ్రాతమూలముగా తెలుపుడు. గడువు తీరినపిదప అడిగిన ఫలమేమి?

గోటితో పోవు పనికి గొడ్డలి యేల? ఏటేట తొలకరికి ముందు ఒకదినము పెద్దలు బాటవెంట నడచి, పూడిన కాలువలను తీయించి, బీటలను గుర్తించినచో చాలును. నడిరేయి నొప్పులు పడు ఆడుబిడ్డను నంద్యాల ఆసుపత్రికి చేర్చు 108 బండి ఆ బాటమీదనే రావలయునని మరువకుడు.