లెక్క ఉంటేనే లెక్క మిగులుతుంది

మా సీమలో డబ్బును 'లెక్క' అంటాం. "చేతిలో లెక్క లేదు", "ఆయప్ప ఇంకా లెక్క ఇయ్యలేదు" అనే మాటలు కర్నూలు, కడప వైపు ఏ అంగడి దగ్గర నిలబడినా వినబడతాయి. కొత్తగా వచ్చినవాళ్ళు విని నవ్వుకుంటారు. కానీ ఆలోచిస్తే ఆ మాటలో మన పెద్దవాళ్ళ తెలివి కనబడుతుంది. లెక్క చూసుకునేవాళ్ళ దగ్గరే కదా లెక్క నిలిచేది!

నెల మొదట్లో మహారాణిలా, నెలాఖరుకు ముఖం వేలాడేసుకుని ఉండటం మనలో చాలామందికి అలవాటే. ఇరవై రెండేళ్ళుగా ప్రొద్దుటూరులో కాపురం చేస్తున్న నాకూ అదే అనుభవం. మా ఆయన బట్టల అంగడిలో గుమాస్తా. ఇంట్లో అత్త, ఇద్దరు పిల్లలు. ఇల్లు జరుపుకురావడానికి నేను నేర్చుకున్న కిటుకు వంటింట్లోదీ కాదు, బ్యాంకులోదీ కాదు. మా అమ్మ కూర్చున్న పొదుపు సంఘంలోది. దాని గురించే మీతో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

రోజుకో రూపాయి

మా పుట్టింటిది కర్నూలు దగ్గర ఓర్వకల్లు మండలంలో ఓ పల్లె. ఇప్పుడంటే విమానాశ్రయం వచ్చింది గానీ, నా చిన్నతనంలో అక్కడ రాళ్ళూ, వానకోసం ఎదురుచూసే చేలూ తప్ప ఏమీ ఉండేవి కావు. వాన పడితే పంట, లేకపోతే అప్పు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బును ఇంట్లో నిలబెట్టుకోవాలని 'పొదుపు లక్ష్మి' పేరుతో రోజుకో రూపాయి దాచడం అప్పుడే ఊరూరా పాకింది. 1995-96 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సాయంతో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో పేదరిక నిర్మూలన కార్యక్రమం మొదలైంది. అందులో మా ఓర్వకల్లు ఒకటి. అక్కడి ఆడవాళ్ళు కట్టుకున్న పొదుపు లక్ష్మి ఐక్య సంఘాన్ని చూడ్డానికి తర్వాత ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. 2000లో మొదలైన 'వెలుగు' పథకానికి దారి చూపింది ఈ మూడు జిల్లాల అనుభవమే.

మా అమ్మ సంఘంలో పదిహేనుమంది. రోజుకో రూపాయి అంటే మనిషికి నెలకు 30, అందరిదీ కలిస్తే 450. నేను పదో తరగతి పాసైన 1997లో మా నాయన "ఇంక చదువు చాలు" అన్నాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా సంఘంలో వెయ్యి రూపాయలు అప్పు తీసుకుని నన్ను కర్నూలులో ఇంటర్‌లో చేర్పించింది.

ఆ లెక్క ఇప్పటికీ నాకు నోటికి వచ్చు. ఊళ్ళో వడ్డీ నూటికి నెలకు 5 రూపాయలు. వెయ్యికి ఏడాదికి 600. సంఘంలో 2 రూపాయలు, అంటే ఏడాదికి 240. తేడా 360. రోజుకో రూపాయి చొప్పున అమ్మ ఏడాదంతా కట్టిన పొదుపు కూడా సరిగ్గా 360! ఆ 240 మాత్రం ఎక్కడికి పోయింది? పదిహేనుమంది ఉమ్మడి పెట్టెలోకే తిరిగి చేరింది.

నేను దాచిన డబ్బు ఏమైంది?

ఇంత చూసి పెరిగిన నేను, కాపురానికి వచ్చాక మాత్రం మనందరం చేసే పనే చేశాను. మా ఆయనకు తెలియకుండా దాచడం మొదలుపెట్టాను. పప్పుల డబ్బాలో అడుగున కొంత, చీర మడతల్లో కొంత. "మొగుళ్ళకు తెలిస్తే నిలుస్తుందా?" అని అందరూ చెప్పేదే కదా!

అలా దాచిన డబ్బుతో మా వీధిలో ఒకాయన దగ్గర చీటీ వేశాను. నెలకు 400, 25 నెలల చీటీ. కాగితం లేదు, రసీదు లేదు. తెలిసినాయనే కదా అని నమ్మకం.

2012లో మా అత్తకు కంటి ఆపరేషన్ చేయించాల్సి వచ్చింది. మా ఆయన బయట 3 రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చాడు. నెలకు 300 వడ్డీ. నేను ఒక్క మాట చెప్పుంటే ఆ నెలే చీటీ పాడుకునేవాళ్ళం. "ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా దాచావా?" అంటాడేమోనని నోరు మూసుకున్నాను. నాలుగు నెలలు తిరిగేసరికి చీటీ ఆయన ఇంటికి తాళం వేసి రాత్రికి రాత్రే వెళ్ళిపోయాడు. నేను కట్టింది 21 నెలలు, 8,400 రూపాయలు. అందరూ ఆ తాళం ముందు నిలబడి ఏడుస్తుంటే, నాకు ఏడ్చే వీలు కూడా లేకపోయింది. నాకు చీటీ ఉందని ఇంట్లో ఎవరికి తెలుసు?

పండక్కి పుట్టింటికి వెళ్ళినప్పుడు అమ్మకు చెప్పుకున్నాను. తిడుతుందనుకున్నాను. "దాచిపెట్టేది పొదుపు కాదు పాపా, నలుగురి ముందర లెక్క చెప్పేదే పొదుపు" అంది.

నిజమే! సంఘంలో ప్రతి సమావేశానికీ పుస్తకం తెరిచి ఎవరు ఎంత కట్టారు, ఎవరు ఎంత అప్పు తీసుకున్నారు, పెట్టెలో ఎంత ఉంది అని గట్టిగా చదువుతారు. చదువు రానివాళ్ళకు కూడా తమ లెక్క తెలుస్తుంది. వాళ్ళ డబ్బు పోకుండా కాపాడింది తాళం కాదు, ఆ చదవడం.

ఇల్లే ఒక సంఘం

ఊరినుంచి వచ్చి, గుండె దిటవు చేసుకుని మా ఆయనకు అంతా చెప్పేశాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "సరే, పుస్తకం తీసుకురా" అన్నాడు. అంతే, ఆ నెలనుంచి జీతం వచ్చిన తర్వాతి ఆదివారం, అన్నాలు తిన్నాక అందరం కూర్చుంటాం. పోయిన నెల లెక్క గట్టిగా చదువుతాం. మొదట్లో నేను రాసేదాన్ని. మా అమ్మాయి ఎనిమిదో తరగతికి వచ్చాక పుస్తకం తన చేతికి ఇచ్చేశాను.

మొదటి సమావేశంలో ఏం తేలిందో తెలుసా? మా ఆయన టీలకూ, స్నేహితులకూ నెలకు 900 పోతోంది. "చూశారా!" అని నేను అనబోయేంతలో నా లెక్క వచ్చింది. వీధిలోకి వచ్చే ఆయన దగ్గర కంతుల మీద తీసుకున్న చీరలకు 1,100! ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నాం. తప్పు ఎవరిదని వెతికితే గొడవ, ఎక్కడ పోతోందని వెతికితే పొదుపు. మీరూ మొదలుపెడితే ఈ ఒక్క సంగతి మరిచిపోకండి.

ఇప్పటి మా లెక్క ఇదీ. జీతం 20,000. రాగానే ముందు తీసి పక్కన పెట్టేది పొదుపు 2,000. తర్వాత అద్దె 4,500, నెల సరుకులు 5,500, పాలు 1,500, కూరగాయలు 1,600, గ్యాసు, కరెంటు 1,400, పిల్లల నెలవారీ ఖర్చులు 2,000, అత్త మందులు 900, ఫోన్లు 600. పండగలూ, పెళ్ళిళ్ళ చదివింపులూ నేను చీరలకు ఫాల్స్ కుట్టి, రవికెలు కుట్టి తెచ్చేదాంట్లోంచే. మీ ఇంట్లో అంకెలు వేరుగా ఉంటాయి. కానీ వరస మాత్రం ఇదే ఉండాలి. మిగిలితే దాద్దామనుకుంటే ఎప్పటికీ మిగలదు. అమ్మ కూడా సంఘం రూపాయి పక్కన పెట్టాకే పొయ్యి వెలిగించేది.

వంటింట్లో

• ఏడాది సరుకు కాలానికి కొనండి. చింతపండు, ఎండుమిరపకాయలు ఎండాకాలంలో, కందిపప్పు సంక్రాంతి దాటాక, శెనక్కాయలు దీపావళికి కాస్త అటూ ఇటూ. బాగా ఎండబెట్టి డబ్బాల్లో పోసుకోవాలి. దీనికోసం కుట్టుపని డబ్బులో నెలనెలా కొంత విడిగా ఉంచుతాను.

• అంగడిలో ఖాతా పెట్టకండి. సరుకుల చీటీ ఇంట్లోనే రాసుకుని, నగదు తీసుకుని వెళ్ళండి. ఖాతా ఉంటే చెయ్యి ఆగదు.

• నెలాఖరు వారం మా ఇంట్లో రాగిసంగటి, శెనక్కాయల ఊరిబిండి, జొన్నరొట్టె, బొరుగుల ఉగ్గాని. పిల్లలు మొదట మూతి ముడుచుకున్నారు. ఇప్పుడు వాళ్ళే అడిగి చేయించుకుంటున్నారు. కరువు సీమవాళ్ళం, ఈ తిండితోనే కదా పెరిగాం!

• పెద్దవాళ్ళ మందులు, పిల్లల పాలు, కోడిగుడ్ల దగ్గర మాత్రం కోత పెట్టకండి. అక్కడ తగ్గించింది తర్వాత ఆసుపత్రిలో కట్టాల్సి వస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలి?

పప్పుల డబ్బాలో మాత్రం వద్దు! పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ ఐదేళ్ళది, నెలకు 100 రూపాయలతో కూడా మొదలుపెట్టవచ్చు. పదేళ్ళలోపు ఆడపిల్ల ఉంటే, 2015లో వచ్చిన సుకన్య సమృద్ధి ఖాతా ఉంది. ఏడాదికి కనీసం 250 కడితే చాలు. బ్యాంకులో వేసిన డబ్బుకు ఒక్కో బ్యాంకులో మనిషికి 5 లక్షల వరకు బీమా ఉంటుంది. 2020కి ముందు అది లక్షే ఉండేది. పల్లెల్లో వెలుగు సంఘాలు, పట్నాల్లో మెప్మా సంఘాలు ఉన్నాయి. ఇప్పటికీ చేరనివాళ్ళు ఉంటే ఆలోచించండి. చీటీ వేస్తే 1982 చట్టం ప్రకారం రిజిస్టరైనదేనా అని కాగితం చూపించమని అడగండి. "నన్ను నమ్మవా?" అంటే, "నమ్ముతానన్నా, కాగితం కూడా చూపించు" అనండి. నేను అడగలేక 8,400 పోగొట్టుకున్నాను.

ఖాతా మీ పేరునే ఉండనివ్వండి, పుస్తకం మాత్రం ఇంట్లో అందరికీ తెలియాలి. ఈ రెండూ ఉంటేనే భద్రం. అయితే ఒక్క మాట. ఇంట్లో తాగుడూ, జూదం ఉండి, చేతికి దొరికిందల్లా ఊడ్చుకుపోయే మనిషి ఉంటే ఈ పద్ధతి కుదరదు. అలాంటి అక్కచెల్లెళ్ళు సంఘంలోనే పొదుపు చేసుకోవడం మేలు. నలుగురి మధ్య ఉన్న డబ్బును గుంజుకోవడం ఎవరికైనా కష్టమే.

రెండు పరీక్షలు

2020 మార్చిలో కరోనాకు అంగళ్ళన్నీ మూతపడ్డాయి. రెండు నెలలు జీతం లేదు. అప్పటికి మా పొదుపు 26,000. నెలకు 8,000కు కుదించుకుని, ఎవరి గడపా తొక్కకుండా గట్టెక్కాం. తర్వాత కొన్నాళ్ళు సగం జీతమే వచ్చింది. అయినా ఇంట్లో ఎవరూ ఎవరిమీదా అరుచుకోలేదు. పెట్టెలో ఎంతుందో అందరికీ తెలుసు కాబట్టి!

రెండో పరీక్ష 2023లో వచ్చింది. ప్రొద్దుటూరు అంటేనే బంగారం అంగళ్ళ ఊరు. ఇక్కడ ఆడపిల్ల పుడితే బంగారం మాటే ముందు. మేమూ అమ్మాయి పెళ్ళికని విడిగా కూడబెడుతున్నాం. ఇంటర్ అయిపోయాక ఒక ఆదివారం, తను చదువుతున్న లెక్కల పుస్తకం మూసి, "నాయనా, ఆ బంగారం లెక్కతో నన్ను నర్సింగ్‌లో చేర్పించండి" అంది.

"బంగారు లేని పిల్లను ఎవరు చేసుకుంటారే?" అని అత్త గట్టిగానే అంది. అమ్మాయి నిదానంగా, "జేజీ, సంఘంలో అప్పు ముందు ఎవరికి ఇస్తారు?" అని అడిగింది. మా అమ్మ సంఘం కథలు ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు మరి! అత్త కాసేపు ఊరుకుని, "అవసరం ఉన్నోళ్ళకి" అంది. ఇంకెవరం మాట్లాడలేదు. మా ఆయన మరుసటి వారమే ఫీజు కట్టి వచ్చాడు.

ఆ రాత్రి నాకు మా అమ్మ తెచ్చిన వెయ్యి రూపాయలు గుర్తొచ్చాయి. ఆ రోజు అమ్మ మా నాయనకు ఎదురు చెప్పలేక, వెళ్ళి సంఘంలో అడగాల్సి వచ్చింది. నా కూతురు తన మాట ఇంట్లోనే, అందరి ముందూ అడగగలిగింది.

వచ్చే ఒకటో తేదీన ఒక నోటుపుస్తకం కొనండి. మొదటి పేజీలో పొదుపు రాయండి, అది వందైనా సరే. ఆదివారం అన్నాలయ్యాక, ఇంట్లోవాళ్ళందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదవండి. మొదటి నెల కాస్త గొడవ అవుతుంది. ఫరవాలేదు, రెండో నెల కూడా చదవండి.